చల్లింట్లో వంతు

కృత్తిక కార్తె, మంగళవారం

మబ్బు లేదు, గాలి లేదు. తెల్లారకముందే లేచి సోలార్ పలకలు తుడిచాను. నిన్నటి దుమ్ముకు వేలితో పేరు రాసేంత మన్ను పేరుకుంది. నీళ్ళు వాడకూడదు, పొడి కుచ్చుతోనే తుడవాలి. రెండు వరసలు అయ్యేసరికి గుట్ట మీద ఎర్రబారింది. పదికి ఎండ కూత మోగింది. కూత మోగాక బయట పని చేయకూడదు. మేకలను పలకల కిందికి తోలి ఇంటికి వచ్చాను.

పాల బండిలో ఒక అమ్మాయి దిగింది. పేరు తహసీన్. ఆదోని పిల్ల. సర్కారు పథకం పని చేసిందా లేదా అని తేల్చే ఆఫీసు నుంచి వచ్చింది. పాత బడి గదిలో ఉంటుంది. నేను పదో తరగతి దాకా చదివానని ఎవరో చెప్పారట, నన్ను పిలిచి రోజూ నాలుగు సంగతులు రాయమంది. ఎండ ఎట్లుంది, ఏం పని జరిగింది, ఊళ్ళోకి ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు.

"మెడలో బిళ్ళలు ఉండాయి కదా మేడమ్, అవి చెప్పవా?" అన్నాను.

"అవి వేడి చెప్తాయన్నా. ఆ వేడిలో మీరు ఏం చేస్తున్నారో చెప్పవు" అంది.

అందుకని రాస్తున్నాను.

వచ్చినవాళ్ళు: తహసీన్. వెళ్ళినవాళ్ళు: ఎవరూ లేరు.


కృత్తిక, బుధవారం

నిన్నటి ఎండే. పలకలు, మేకలు, తర్వాత కొర్ర చేను దగ్గర కంచె కట్టడం.

ఊరి సంగతి మీ మాటల్లో చెప్పమని తహసీన్ అడిగింది, నేను చెప్పింది ఇది. మాది దిగువ గుట్లపాడు. మధ్యలో ఎండిన వంక. అవతల ఎగువ గుట్లపాడు. ఎగువకు సర్కారు చల్లిల్లు కట్టించింది. సగం నేలలోకి దిగి ఉంటుంది. రాత్రి చల్లదనాన్ని కింద పట్టి ఉంచి పగలు పైకి వదిలే మిషను ఉంది అందులో. లోపల మంచాలు. ఎండ కూత నుంచి పొద్దు వాలేదాకా జనం అందులో పడుకోవచ్చు. మాకు ఇవ్వలేదు. మమ్మల్ని పోలిక ఊరు అన్నారు. అంటే ఇచ్చిన ఊరికీ ఇవ్వని ఊరికీ తేడా ఎంతో చూడటానికి పెట్టుకున్న ఊరు. రెండు ఊళ్ళలో అందరి మెడలోనూ తాయెత్తు మాదిరి ఒక బిళ్ళ వేశారు. అది ఒంటి వేడిని, చుట్టూ ఉన్న వేడిని కొలిచి ఆఫీసుకు పంపుతుంది.

అప్పటి నుంచి మా బావ కుళ్ళాయప్ప నన్ను "పోలికోడా" అని పిలుస్తాడు. మా అక్క ఉరుకుందమ్మను ఎగువకు ఇచ్చాం. బావకు రెండేళ్ళ కింద వడదెబ్బ తగిలింది. బతికాడు గానీ ఇంకోసారి తగిలితే కష్టమని నర్సమ్మ చెప్పింది. చల్లిల్లు వచ్చాక ఆయన మొహం తేరుకుంది.

తహసీన్ వచ్చిన పని కూడా చెప్పింది. "ఎగువలో ఒంటి వేడి తగ్గింది. బాగుంది. దిగువలో కూడా అంతే తగ్గింది. ఇక్కడేమీ ఇవ్వలేదు కదా? బిళ్ళలు చెడిపోయాయేమో చూసి రమ్మన్నారు."

"చెడిపోకుంటే?"

"చెడిపోకపోతే రెండు ఊళ్ళకూ తేడా లేనట్టే. అంటే చల్లిల్లు పనిచేయనట్టు. విప్పేసి తీసుకుపోతారు."

బిళ్ళలు చెడిపోలేదని, మా ఒంటి వేడి ఎందుకు తగ్గిందో నాకు తెలుసు. ఊరంతటికీ తెలుసు. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"రేపు కూత ముందర మాతో రా, మేడమ్" అన్నాను.


కృత్తిక, గురువారం

ఎండ. పలకలు ఒక వరసే తుడిచాను.

కూతకు ముందు మా ఊరి జనం తలమీద తుండ్లు వేసుకుని వంక దాటాం. తహసీన్ మా వెనక వచ్చింది. చల్లింటి ముందు వేపచెట్టు కింద మా అక్క ఒక మట్టి గురుగు పట్టుకుని కూర్చుంది. రెండు ఊళ్ళవాళ్ళూ తమ తమ గుర్తు అందులో వేశారు. నాది గులకరాయి, ఒకరిది గవ్వ, నా పెండ్లాం చెన్నమ్మది చింతగింజ, బావది పాత కోటు నుంచి ఊడిన ఇత్తడి గుండీ. కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే తీస్తుంటే మంచాలు నిండేదాకా పిలిచారు. నిండాక మిగిలినవాళ్ళు ఇళ్ళకు తిరిగిపోయారు. చూలాలు, బాలింత, పసిపిల్లలు ఉన్నవాళ్ళకు గురుగు లేదు, నేరుగా లోపలికే. బావను కూడా నేరుగా పొమ్మంటే, "నన్ను బాలింతల్లో కలుపుతారా?" అని గొడవ పెట్టుకుని గుండీ వేస్తాడు.

తహసీన్ గురుగు వైపు, మా వైపు చూసింది. తర్వాత, "మీరు పోలిక ఊరు కదన్నా. ఇక్కడికి రాకూడదు" అంది.

బావ విన్నాడు. "ఎవరు రాకూడదు మేడమ్? నా పెండ్లాం తోడబుట్టినోడు వంక అవతల మాడుతుంటే నేను లోపల కాళ్ళు చాపుకోని పండుకోవాల్నా? పంక్తిలో కూచోబెట్టి ఒకరికి అన్నం, ఒకరికి వట్టి ఆకు. అట్లా వడ్డన యాడన్నా చూసినావా?"

"ఇది వడ్డన కాదు. పరీక్ష" అంది.

"పరీక్ష రాసేది మేమా, మీరా?"

జనం నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. ఇయ్యాల నా రాయి వచ్చింది. లోపల పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు.


కృత్తిక, శనివారం

ఉక్క. సాయంత్రం వంకలో రెండు ఊళ్ళవాళ్ళం కూర్చున్నాం. ఇసుక ఇంకా కాలుతుంటే గోనెలు పరుచుకున్నాం.

తహసీన్ ఉన్నదున్నట్టు చెప్పింది. రోహిణి కార్తె అయ్యేదాకా కొలుస్తారు. అప్పటికీ తేడా కనిపించకపోతే చల్లిల్లు పోతుంది. తప్పుడు లెక్క తను రాయదు. ఇట్లా వంక దాటుతున్నారని రాస్తే ఏమవుతుందని అక్క అడిగింది.

"అప్పుడు పరీక్ష చెడిపోయిందని రాసుకుంటారు. చెడిన పరీక్షను చూపించి మిషను ఉంచమని అడగలేం అక్కా."

మా ఊళ్ళో పెద్దామె బాయమ్మ లేచింది. బోరు నీళ్ళు ఉన్నప్పటి మనిషి. "దాంట్లో ఏముండాది. ఈ రోహిణి మేము రాము. మీరు పండుకోండి. తేడా కనపడ్తుంది. ఇల్లు నిలుస్తుంది. వచ్చే ఏడు మళ్ళీ వస్తాం."

"రోహిణిలోనా అత్తా?" అన్నాడు బావ. "రోళ్ళు పగిలే ఎండలోనా?"

"మేమేం రోళ్ళమా పగలడానికి?"

మా వాళ్ళందరూ సరే అన్నారు. నేనూ సరే అన్నాను. బావ గోనె దులుపుకుని వెళ్ళిపోయాడు. చూలాళ్ళు, పసిపిల్లల తల్లులు మాత్రం రావాలని తహసీన్ పట్టుబట్టింది. దానికి ఎవరూ ఎదురు చెప్పలేదు.


రోహిణి కార్తె, సోమవారం

ఎండ చెప్పేది లేదు. పిట్టలు పలకల కింద మేకల పక్కనే పడి ఉన్నాయి. మేకలు వాటిని తొక్కకుండా నిలబడ్డాయి.

మేము వంక దాటలేదు. గుమ్మానికి తడి గోనె కట్టి, నేల మీద నీళ్ళు చిలకరించుకుని పడుకున్నాం. తహసీన్ చల్లింటికి పోవచ్చు, ఆమెకు ఏ ఊరి లెక్కా లేదు. పోలేదు. బడి గదిలోనే ఉంది. చెన్నమ్మ మజ్జిగ తీసుకుపోతే తాగి, చెంబు కడిగి ఇచ్చిందట. "ఆ పిల్లకు మొహమంతా పొక్కులు లేచినాయి" అంది చెన్నమ్మ. "పిలుచుకోని రారాదా మనింటికి?"

"మనిల్లు చల్లగుందా?"

"చల్లగ లేకుంటే ఏం. మనుషులుండారు కదా."

సాయంత్రం నుంచి తహసీన్ మా ఇంట్లో ఉంది.


రోహిణి, బుధవారం

అదే ఎండ. పని లేదు.

మధ్యాహ్నం తహసీన్ తన చేతి తెర పలకలో బిళ్ళల లెక్క చూస్తూ గట్టిగా, "ఇదేంటి?" అంది. దిగువ వేడెక్కింది, అది అనుకున్నదే. ఎగువ కూడా వేడెక్కింది.

అప్పుడే అక్క ఫోను చేసింది. ఎగువలో మగవాళ్ళు ఒక్కరూ లోపలికి పోవడం లేదట. చల్లింటి ముందు వేపచెట్టు కింద కూర్చుంటున్నారు. మొదలుపెట్టింది బావ. "వాళ్ళు రాని ఇంట్లో నాకు నిద్ర పట్టదు" అన్నాడట. మిగతావాళ్ళు ఆయన్ను ఒక్కణ్ణే వదల్లేక పక్కన కూర్చున్నారు. లోపల వాళ్ళ మంచాలు ఖాళీ.

అక్క ఫోను చేసింది అది చెప్పడానికి కాదు. బావ కూర్చున్నచోటే ఒరిగాడు. మాట ముద్దగా వస్తోంది. చెమట ఆగిపోయింది.

కూత మోగి చాలాసేపు అయింది. నేను తుండు తడిపి తలకు చుట్టి బయలుదేరాను. తహసీన్ వెనకే వచ్చింది. వద్దన్నాను, వినలేదు. వంక ఇసుక చెప్పుల్లోకి వచ్చి కాల్చింది. మేము పోయేసరికి ఆయన్ను లోపల పడుకోబెట్టి తడి బట్టలు కప్పుతున్నారు. నర్సమ్మ తెర మీద కనిపిస్తూ చంకల్లో, మెడ మీద పెట్టండి అని చెప్తోంది. తహసీన్ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని విసిరింది. ఎంతసేపు విసిరిందో నేను చూసుకోలేదు.

పొద్దు వాలాక బావ కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు.

"ఏం పోలికోడా. వంక దాటినావే."

"నువ్వు దాటించినావు."

"అయితే పరీక్షలో నేనే గెలిచినట్టు" అన్నాడు. అక్క తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయను.


రోహిణి, గురువారం

కొంచెం గాలి. పలకలు తుడవలేదు.

బావ లేచి గంజి తాగాడు. తహసీన్ గురుగు ముందు పెట్టుకుని అక్కను అడుగుతోంది.

"ఈ గుర్తులు తీసేది ఎవరక్కా?"

"చేతికి దొరికినోళ్ళు. కండ్లు మూసుకోవాల."

"చుట్టాలవి చూసి తీస్తే?"

"తీస్తే కొట్టుకోని చస్తారు. బోరులో నీళ్ళుండే కాలం నుంచి వంతు ఇట్లనే. నీళ్ళు పోయినాయి, గురుగు ఉండాది."

"రోజూ అందరూ వేస్తారా?"

"వేయక?"

తహసీన్ గురుగులో గుర్తులను వేళ్ళతో కలియబెట్టింది. తర్వాత నాతో చెప్పింది. నాకు అర్థమైనంత రాస్తున్నాను. ఊరికీ ఊరికీ పోల్చాలని ఆఫీసు అనుకుంది. ఇక్కడ ఊరికీ ఊరికీ మధ్య గీత లేదు, అందుకని ఆ పోలిక నిలవదు. గురుగు మటుకు రోజూ మనుషులను రెండు గుంపులు చేస్తోంది. వంతు వచ్చినవాళ్ళు, రానివాళ్ళు. గురుగుకు బలమైనవాడు, బలహీనుడు తెలియదు. ఎగువా దిగువా తెలియదు. కాబట్టి రెండు గుంపులూ ఒకే మాదిరివి. వాళ్ళ ఒంటి వేడిలో తేడా వస్తే అది చల్లింటి వల్లనే.

"అయితే చేయి" అన్నాడు బావ మంచం మీద నుంచి. "మేమేం చేయాల?"

"ఎప్పుడూ చేసేదే. రెండు ఊళ్ళవాళ్ళూ రండి. గుర్తులు వేయండి."

"ఒకటుండాది" అన్నాను నేను. "వంతు వచ్చినోళ్ళు ఒక్కోసారి వేరేవాళ్ళకు ఇస్తారు. చేతకానోళ్ళు కనపడితే ఇయ్యక తప్పదు. అది ఆపాల్నా?"

ఆ పిల్ల బావ వైపు చూసింది. "మిమ్మల్ని ఆపితే ఏమవుతుందో నిన్న చూశాను. ఇచ్చుకోండి. గురుగులో ఎవరిది వచ్చిందో అదే నేను కాగితం మీద రాసుకుంటా. ఎవరు పడుకున్నారన్నది కాదు. మీరు ఇచ్చుకున్నకొద్దీ తేడా చిన్నగా కనిపిస్తుంది. చిన్నదైనా నిజమే ఉంటుంది."

"మరీ చిన్నదైతే?"

"పోతుంది" అంది. మెత్తగా చెప్పలేదు.


రోహిణి, శుక్రవారం

ఎండ. పలకలు రెండు వరసలు.

తహసీన్ తెర మీద వాళ్ళ పెద్ద సారుతో మాట్లాడింది. ఆయన ఒప్పుకోలేదు. లెక్కలు చూశాక పద్ధతి మారిస్తే ఎవరికి కావలసిన జవాబు వాళ్ళకు వస్తుంది, అది నియమానికి విరుద్ధం అన్నాడు.

"ఆయన అన్నది తప్పు కాదన్నా" అంది నాతో. "అందుకే ఇప్పుడే రాసి పంపుతున్నా. ఎట్లా కొలుస్తానో, ఎంత తేడా వస్తే ఉంచాలో, ఎంతకు తక్కువైతే తీసేయాలో. తర్వాత నేనూ మార్చలేను. రోహిణి అయ్యేదాకా లెక్క చూడను."

"చూడబుద్ధి కాదా?"

"అవుతుంది. అందుకే దీన్ని ఎక్కడన్నా దాచండి" అని తన పలక చెన్నమ్మకు ఇచ్చింది. చెన్నమ్మ దాన్ని గుడ్డలో చుట్టి కొర్రల కుండలో అడుగుకు తోసి, పైన కొర్రలు పోసి, మూత మీద రోకలి పెట్టింది. ఇక మా ఇంట్లో కొర్రన్నం లేదు, జొన్న సంగటే.

బావను బాలింతల గుంపులో వేశారు. ఈసారి గొడవ పెట్టుకోలేదు. తన ఇత్తడి గుండీ మాత్రం వెనక్కి తీసుకోనన్నాడు. "ఇది గురుగులో ఉండాల్సిందే. నా పేరు మీద వద్దు. ఆ పిల్ల పేరు మీద వేయండి. మెడలో బిళ్ళ లేదు కదా, మీ లెక్కకేం అడ్డం రాదు."

తహసీన్ వద్దంది. అక్క అప్పటికే వేసేసింది.


రోహిణి, తర్వాతి బుధవారం

ఎండ తగ్గలేదు. కంచె పని అయిపోయింది.

మూడు రోజులుగా నా రాయి రాలేదు. ఇయ్యాల వచ్చింది. పక్కన బాయమ్మ మోకాళ్ళు పట్టుకుని వేపకింద కూర్చుని ఉంది. ఆమె గవ్వ రాలేదు. నేను లేచాను, కూర్చున్నాను. మంచం ఇస్తే తేడా చిన్నదవుతుంది. ఇవ్వకపోతే ఆమె ఈ ఎండలో వంక దాటి ఇంటికి నడవాలి.

బాయమ్మ నన్ను చూసి, "ఏందిరా మద్దిలేటీ, కొత్త పెండ్లికొడుకు మాదిరి లేస్తాండావు, కూచుంటాండావు? పోయి పండుకో. నువ్వు ఇచ్చినా నేను తీసుకోను" అంది.

"పో అత్తా, నువ్వే పో."

"నా మీద జాలిపడి ఇల్లు పోగొడ్తావా? పో లోపలికి!"

వెళ్ళి పడుకున్నాను. మధ్యాహ్నమంతా ముళ్ళ మీద పడుకున్నట్టుంది. లోపలి నుంచి తలుపు సందులో చూస్తే తహసీన్ గుండీ కూడా వచ్చినట్టుంది, ఆ మంచానికి తనే బాయమ్మను చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి పడుకోబెడుతోంది. బాయమ్మ తిడుతోంది. పడుకుంది మాత్రం.

తహసీన్ తలకు నా తుండు చుట్టుకుని వంక దాటి మా ఇంటికి వెళ్ళింది.


మృగశిర కార్తె, ఆదివారం

మబ్బు పట్టింది. సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. నేల వాసన వచ్చింది, తడవలేదు. ఎండ కూత మోగలేదు, ఈ ఎండాకాలం ఇదే మొదటిసారి.

చెన్నమ్మ కొర్రలు చాటలోకి ఒంపి పలక తీసింది. గుమ్మం దగ్గర రెండు ఊళ్ళవాళ్ళూ నిలబడ్డారు. బావ అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించాడు, పీల్చలేదు. తహసీన్ పలక మీద అంటిన కొర్రగింజలు ఊదుకుని, కాగితం మీది పేర్లు ఎక్కించి లెక్క చూసింది. మొదటి నుంచి ఇంకోసారి చూసింది.

"అనుకున్నదానికన్నా చిన్నగా ఉంది" అంది. "ఉంచడానికి రాసుకున్నదానికన్నా కొంచెం పైనే ఉంది."

"అంటే?" అంది అక్క.

"పనిచేస్తోంది అక్కా."

బావ చుట్ట పీల్చాడు, ఆరిపోయి ఉంది. "ఈ మాట నన్నడిగుంటే వచ్చిన రోజే చెప్పేవాణ్ణి" అన్నాడు.

"మీరు చెప్తే చాలదు మామా."

"అది నిజమే. నేను బాలింతను."

తహసీన్ నవ్వింది. వచ్చినప్పటి నుంచి అంత నవ్వడం చూడలేదు.


మృగశిర, శనివారం

మబ్బులు. పలకలు పూర్తిగా తుడిచాను. విత్తనం సిద్ధం చేశాం.

ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. లెక్క చూడకముందే రాసి పంపిన పద్ధతి కాబట్టి ఒప్పుకున్నారట. చల్లిల్లు వచ్చే రోహిణి దాకా ఉంటుంది. అప్పుడు వేరే మనిషి వచ్చి గురుగు పద్ధతిలోనే మళ్ళీ కొలుస్తాడు. తహసీన్ రాకూడదు. కొలవాల్సినవాళ్ళ ఇంట్లో ఉండి, వాళ్ళ తిండి తిన్న మనిషి చూపు లెక్కకు పనికిరాదట.

"ఇదేం న్యాయం?" అంది చెన్నమ్మ.

"ఇదీ నియమమే వదినా. మంచిదే" అంది తహసీన్. బట్టలు మడుచుకుంటూ తల ఎత్తలేదు.

దిగువకు చల్లిల్లు వస్తుందని ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. మంచాలు ఇంకో నాలుగు పట్టేలా లోపలి అరుగు తీసేద్దామని ఎగువవాళ్ళు అనుకుంటున్నారు.


మృగశిర, సోమవారం

తెల్లారుజామున వాన. వంకలో ఇసుక తడిసింది, నీళ్ళు పారలేదు. పలకలు వానకే కడుక్కున్నాయి, నాకు పని లేదు.

చెన్నమ్మ కొర్రలు మూట కట్టి ఇచ్చింది. అక్క వంక దాటి వచ్చింది. బావ కూడా వచ్చాడు, మెల్లగా, కర్ర పట్టుకుని. బావ గుండీ బావకు తిరిగి ఇచ్చేయమని తహసీన్ అక్కను అడిగింది. అది గురుగులోనే ఉందని, తీయడం లేదని అక్క చెప్పింది. ఆమె పేరు మీద వేసిన గుర్తు, ఆమె ఊళ్ళో లేకున్నా తీసేది కాదంది.

పాల బండికి నడిపేవాడు ఉండడు, తనంతట తనే నడుస్తుంది. అది ఎవరికోసమూ ఆగదు, గంట కొట్టి కదులుతుంది. బావ దాని ముందు కర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు. తప్పుకోమని బండి మూడుసార్లు చెప్పింది. తహసీన్ ఎక్కి కూర్చున్నాక కర్ర తీశాడు.

వచ్చినవాళ్ళు: ఉరుకుందమ్మ, కుళ్ళాయప్ప, ఎగువ నుంచి.

వెళ్ళినవాళ్ళు: తహసీన్, పొద్దున ఆరున్నరకు.